సున్నం వేయించకపోతే రెండేళ్ల జైలు

రంగు వేయని ఫ్యాక్టరీ గోడలకు 14 నెలలకోసారి సున్నం వేయించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 11వ సెక్షన్ చెప్పింది. వేయించకపోతే 92వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. తిరిగే యంత్రానికి రక్షణ కంచె కట్టని యజమానికీ ఆ సెక్షన్ కింద జైలు గరిష్ఠంగా రెండేళ్లే. కార్మికుడి చెయ్యి తెగే నిర్లక్ష్యాన్నీ, వెలిసిన గోడనూ ఒకే గాట కట్టిన ఈ చట్టం ఏడు దశాబ్దాలకు పైగా నడిచింది. 2025 నవంబరులో గానీ దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి రాలేదు.

ఇది ఒక్క చట్టం సంగతి. దేశంలో వ్యాపారాలను శాసించే 1,536 చట్టాలను అబ్జర్వర్ రీసెర్చ్ ఫౌండేషన్, టీమ్‌లీజ్ రెగ్‌టెక్ సంస్థలు జల్లెడ పట్టి 2022లో నివేదిక ఇచ్చాయి. పాటించాల్సిన నిబంధనలు 69,233. వాటిలో జైలు శిక్ష ఉన్నవి 26,134, అంటే నూటికి దాదాపు 38. కేంద్రం వాటా 5,239. మిగిలిన 20,895 రాష్ట్రాలవి.

150 మందికి మించి పనిచేసే ఒక మోస్తరు ఫ్యాక్టరీ ఏటా 500 నుంచి 900 నిబంధనలు పాటించాలని, అందుకు 12 నుంచి 18 లక్షల రూపాయలు ఖర్చవుతుందని అదే నివేదిక అంచనా. పెద్ద కంపెనీకి న్యాయవిభాగం ఉంటుంది. చిన్న యజమానికి ఉండేది ఒక గుమస్తా, బోలెడంత భయం. రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉన్నా జైలు మాట ఎత్తగలిగే ఇన్‌స్పెక్టర్ ముందు అతను ఏం వాదిస్తాడు? లంచానికి ధర పలికేది అక్కడే. గుంటూరు జిల్లా రైతునేత ఎన్.జి. రంగా తొలి అధ్యక్షుడిగా 1959లో పుట్టిన స్వతంత్ర పార్టీ పర్మిట్–లైసెన్స్ రాజ్‌పై పోరాడింది ఈ బేరం మీదే.

విషవాయువు వదిలినవాడికి, అగ్నిప్రమాద జాగ్రత్తలు గాలికొదిలినవాడికి జైలు ఉండాల్సిందే. స్వేచ్ఛావాదుల అభ్యంతరం ఎవరికీ హాని చేయని పొరపాటును నేరం చేయడం మీద. ఆ వాదన ఢిల్లీకి కొంత చేరింది: 2023 జన్ విశ్వాస్ చట్టం 42 చట్టాల్లోని 183 నిబంధనలను సడలించింది. 2025 ఆగస్టులో లోక్‌సభకు వచ్చిన రెండో బిల్లులో ఇలాంటివి 288.

అయితే అసలు బరువు రాష్ట్రాల దగ్గరే ఉంది. ఆ 20,895లో తమ వాటా ఎంతో, ఒక్కో నిబంధన కింద ఎన్ని కేసులు పెట్టారో, ఎందరికి శిక్ష పడిందో అమరావతి, హైదరాబాద్ ప్రభుత్వాలు శాసనసభల ముందు పెట్టాలి.