నడివయస్సున రాత్రినిద్ర

నిద్ర సుఖమెఱుగదని మన పెద్దలు చెప్పిన సామెత పాతికేండ్లవానిని చూచి చెప్పినదై యుండవలెను. నాట్లనాడు గట్టుమీద తలక్రింద తుండుగుడ్డ పెట్టుకొని గుఱకతీసిన పడుచువాడే, నలువదియైదేండ్లు వచ్చుసరికి మెత్తని పఱుపుమీద రాత్రి మూడుగంటలకు కన్నులు తెఱచి దూలములు లెక్కించుచుండును.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు గ్రామములకు మేము విత్తనశుద్ధిని గూర్చియు, పచ్చిరొట్ట యెరువును గూర్చియు చెప్పుటకై పోవునపుడు, సభ ముగిసినపిదప సభ్యులు మెల్లగా దగ్గఱకు వచ్చి యడుగు ప్రశ్నలలో నిదియొకటి. మొన్న రేపల్లె దాపున నొక పెద్దరైతు, "అయ్యా, వరికి తెగులు వచ్చిన మందు చెప్పుచున్నారు. నడిరేయి దాటగానే నాకు మెలకువ వచ్చి మరల కన్నంటుట లేదు. దీనికేమైన చెప్పరాదా?" అనెను. మేము వైద్యులము కాము. కాని మేమును ఆ బాధ పడి బయటపడినవారమే గావున, తెలిసినంతవఱకు వ్రాయుచున్నాము.

నడివయస్సున నిద్ర పలుచబడుట ప్రకృతిసిద్ధము. చిన్ననాటి గాఢనిద్ర వయస్సుతో తగ్గుచు వచ్చును. రాత్రి ఒకటి రెండుమాఱులు మెలకువ వచ్చి, అటునిటు దొర్లి మరల నిద్రపోవుట జబ్బు కాదు. పెద్దవారికి సుమారు ఏడుగంటల నిద్ర కావలెను. వారమునకు మూడురాత్రులకు తక్కువగాక, మూడునెలలు సాగి, పగటిపనిని చెఱచు నిద్రలేమినే వైద్యులు దీర్ఘకాలపు జబ్బుగా నెంచుదురు. మా అనుభవములో, మెలకువకంటె, మెలకువకు వెఱచి మనము చేయు పనులే దానిని జబ్బుగా మార్చుచున్నవి.

ఇది యెట్లో తెలియవలెనన్న దుగ్గిరాల లాకులవద్ద నిలిచి చూడుడు. దిగువకు నీరు పాఱుటకు ఎగువను మట్టము లేవవలెను. వేళకు తలుపు ఎత్తవలెను. మట్టమున్నను తలుపెత్తనిచో నీరు రాదు. తలుపెత్తినను మట్టము లేనిచో శివారు పొలమునకు అందదు. నిద్రకును ఇట్టివి రెండు గలవు. 1982లో స్విట్జర్లండు దేశపు శాస్త్రజ్ఞుడు బోర్బెలీ వీనిని విడదీసి చూపెను.

మేలుకొనియున్న ప్రతిగంటయు మెదడులో అడినోసిన్ అను పదార్థము చేరుచుండును. అదియే మట్టము. తెల్లవాఱుజామున లేచి పొలము చేసినవానికి రాత్రి పదిగంటలకు కాలువ నిండియుండును. మధ్యాహ్నము భోజనముచేసి రెండుగంటలు పండుకొన్నవాడు ఎగువను తానే గండికొట్టి, శివారునకు నీరందలేదని లస్కరుమీద కోపించువానివంటివాడు. మిక్కిలి అలసియున్నచో మూడుగంటలకు ముందే అరగంట నడుము వాల్చవచ్చును, అంతకు మించరాదు. కాఫీ యీ మట్టమును తగ్గించదు, మట్టము చూపు కొలబద్దపై గుడ్డ కప్పును. త్రాగిన కాఫీసారములో సగము దేహమును వీడుటకు అయిదాఱు గంటలు పట్టును. సాయంకాలము నాలుగుగంటలకు తెనాలి బజారులో త్రాగినదానిలో సగము రాత్రి తొమ్మిదిగంటలకును లోపలనే యుండును. టీకిని ఇదే న్యాయము.

ఇక తలుపు సంగతి. 1729లో ఫ్రాన్సుదేశపు పండితుడు డి మెయిరాన్ అత్తిపత్తి మొక్కను చీకటిలో నుంచి చూచెను. వెలుతురు లేకున్నను అది పగటివేళ ఆకులు విప్పి, రాత్రివేళ ముడుచుచునే యుండెను. సాయంకాలమున ఆకులు ముడుచుకొనుటచేతనే మన రోడ్లప్రక్కని నిద్రగన్నేరుకు ఆ పేరు వచ్చినది. జీవుల లోపలి యీ గడియారము నడచు తీరును పండ్లయీగలలో కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది.

ఆ గడియారమును సరిదిద్దునది వెలుతురు. రైతులకు దీనిని వేఱుగా బోధింప నక్కఱలేదు. పూర్వపు నాటు సార్వా రకములలో పెక్కు, రాత్రి పొడవెక్కినగాని పొట్టకు రావు. వీధిదీపము పడు మూలన అట్టి వరి తక్కిన మడికంటె ఆలస్యముగా ఈనును. మన మెదడులోను చీకటిపడినపిదప మెలటోనిన్ అను రసము ఊఱి, రాత్రియైనదని దేహమునకు తెలుపును. పండుకొని సెల్‌ఫోను ముఖమునకు ఎదురుగా పెట్టుకొన్నవాడు వీధిదీపము క్రింది వరియే. ఉదయమున లేచిన వెంటనే అరగంట బయటి వెలుతురులో తిరుగుట మందుకంటె మేలు. పొలము చేయువానికి అది ఖర్చులేని పని. దుకాణములోను, కచ్చేరిలోను కూర్చుండువారు దీనిని ప్రయత్నపూర్వకముగా చేయవలెను.

మా సంగతి చెప్పెదము. నలువదినాలుగవయేట మాకు రాత్రి రెండున్నరకు మెలకువ వచ్చుట మొదలై, ఎనిమిదినెలలు సాగెను. ఒక మందుల దుకాణములో వైద్యుని చీటి లేకయే యిచ్చిన నిద్రబిళ్ళలు పదిరాత్రులు మ్రింగితిమి. నిద్ర పట్టినది. పదునొకండవనాడు ఉదయము తల దిమ్మెక్కియుండగా కాలువకట్టమీద మోటారుసైకిలుపై పోవుచు, కన్నులు మూతపడి తుమ్మచెట్టును తాకితిమి. రెండవ ప్రక్కకు ఒఱిగియుండినచో కాలువలోనే పడెడివారము. నాటితో బిళ్ళలు మానితిమి. (చాలకాలముగా వాడుచున్నవారు ఒక్కసారిగా మానరాదు, వైద్యుడు చెప్పినట్లు కొంచెము కొంచెముగా తగ్గింపవలెను.)

పిదప నొక వైద్యుడు చెప్పిన సలహా మాకు మొదట నవ్వు తెప్పించెను: "తక్కువసేపు పండుకొనుడు." మేము రాత్రి తొమ్మిదికి పక్కమీదికి చేరి ఆఱింటికి లేచెడివారము. అందులో నిజమైన నిద్ర ఆఱుగంటలు. తక్కిన మూడుగంటలు దొర్లుటయే. ఆఱెకరముల నీటిని తొమ్మిదెకరములకు పంచినచో ఏ మడియు తడియదు గదా. కావున పదునొకండింటికి పండుకొని, నిద్ర పట్టినను పట్టకున్నను అయిదింటికి లేచుట మొదలుపెట్టితిమి. మొదటివారము దుర్భరము. తొమ్మిదింటికే కన్నులు వాలిపోవుచుండ, ఇంటివారు "ఇదేమి దీక్ష?" అనిరి. రెండవవారమున నడిరేయి మెలకువ ఒకటికి తగ్గెను. పక్కమీది కాలములో నూటికి ఎనుబదియైదుపాళ్లు నిద్రయైనపిదప, వారమునకు పావుగంట చొప్పున పండుకొను వేళను ముందుకు జరిపి, ఇపుడు పదింబావుకు పండుకొనుచున్నాము.

ఈ పద్ధతిని 1987లో స్పీల్మన్ అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు ప్రకటించెను. దీర్ఘకాలపు నిద్రలేమికి బిళ్ళలకంటె ముందు ఇట్టి అలవాట్ల చికిత్సయే చేయవలెనని 2016లో అమెరికా వైద్యుల కళాశాలవారు సిఫారసు చేసిరి. అయిదున్నర గంటలకు తగ్గించి యెవరును ప్రయత్నింపరాదు. మూర్ఛవ్యాధి, తీవ్రమైన మనోవ్యాధి గలవారు వైద్యుని అడుగక చేయరాదు. ఆ మొదటి రెండువారములు ట్రాక్టరు తోలుట, మందు పిచికారి చేయుట ఇతరులకు అప్పగింపుడు.

ఇందులో ముఖ్యమైనది పండుకొను వేళ కాదు, లేచు వేళ. మేము చదివిన మిషను బడి వసతిగృహమున అయిదింటికి గంట కొట్టెడివారు. సెలవునాడును మానెడివారు కారు. నాడు ఆ గంటను తిట్టుకొంటిమి. రాత్రి మెలకువ వచ్చినపుడు గడియారము చూడకుడు. ఇంచుమించు ఇరువదినిమిషములకును నిద్రరానిచో పక్క విడిచి, మసకవెలుతురున వసారాలో కూర్చుండి, చేతికి పలుపు పేనుటవంటి పని యిచ్చి, కునుకు వచ్చినపుడే మరల పండుకొనుడు. పక్కయన్నచో నిద్రయని దేహము నేర్చుకొనవలెను. పక్కయన్నచో చింతయని కాదు.

చుట్ట నిద్రను చెఱచును. కల్లుగాని సారాయిగాని త్వరగా నిద్ర పట్టించి, తెల్లవాఱుజాము నిద్రను కొల్లగొట్టును. రాత్రిభోజనము పండుకొనుటకు రెండు మూడు గంటలముందే కావలెను.

రేపల్లె, నిజాంపట్నము వైపున రొయ్యల చెఱువులు గలవారికి ఈ నియమములన్నియు సాగవని మేమెఱుగుదుము. నీటిలోని ప్రాణవాయువు తెల్లవాఱుజామున మిక్కిలి తగ్గును. ఏరేటర్లు ఆగినచో కొద్దిగంటలలో పంట పోవచ్చును. ఆ భయముచే యజమాని రాత్రికి నాలుగుమాఱులు లేచి చూచును. ఇట్లు తునకలైన నిద్రకంటె, ఇద్దఱు వంతులు వేసికొని, ఒకరు తొమ్మిదినుండి రెండు వఱకు, మఱొకరు రెండునుండి ఏడు వఱకు నిశ్చింతగా పండుకొనుట మేలు. వంతులను దినమునకొక తీరున మార్చరాదు. రొయ్యలు పట్టువఱకు ఎవరి వంతు వారిదే. ప్రక్కప్రక్క చెఱువుల సభ్యులు కలిసి కావలివానిని పెట్టుకొన్నచో ఖర్చును తగ్గును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను బాల్యమున చూచినవారు నేడు ఏబదియేండ్లకు చేరినవారును, దాటినవారును. కార్తికమున గాలి లేచిన రాత్రి వారికి మెలకువ వచ్చుటను మేము జబ్బనము.

అప్పు చింత వేఱు. మూడుగంటలవేళ అప్పు రెట్టింపుగా కనబడును. సాయంకాలము దీపములు పెట్టువేళ, మనస్సులోని చింతలను కాగితముపై వ్రాసి, ఒక్కొక్కదాని యెదుట రేపు చేయగల పనిని వ్రాసి పెట్టుడు. తన బాకీ యెంతయో సరిగా తెలియక నాలుగునెలలు నిద్రకు దూరమైన సభ్యుని మేమెఱుగుదుము. సంఘమునకు వచ్చి ఖాతా చూచుకొనగా, తాననుకొన్నదానికంటె అది చాల తక్కువగా తేలినది. ఖాతా పగలు చూచుకొనవలసిన వస్తువు.

ఈ పత్రికను మగవారే చదువుదురని మేమనుకొనము. ముట్లుడుగు కాలమున స్త్రీలకు రాత్రివేళ ఒంటికి ఆవిరులు వచ్చి, చెమటపోసి మెలకువ వచ్చును. దానికి చికిత్స కలదు. ఓర్చుకొనుట యొక్కటే మార్గము కాదు. పలుచని నూలుబట్టలు, గాలి వచ్చు చోట పక్క కొంత మేలుచేయును. పాలుపితుకుటకు నాలుగింటికే లేచు గృహిణి రాత్రి అందఱి భోజనములైనపిదప పదునొకండింటికి పండుకొనుచున్నచో, ఆమెకు తక్కువైనది నిద్ర కాదు, ఇంటిలో సాయము.

కొన్ని గుర్తులు కనబడినచో మా మాటలు చాలవు. గట్టిగా గుఱకపెట్టుచు నడుమ శ్వాస ఆగువారు, పగలు కూర్చున్నచోటనే కునుకువారు వైద్యునివద్దకు పోవలెను. ఆ జబ్బు రక్తపుపోటును పెంచును. మూత్రమునకై రాత్రి మూడు నాలుగు మాఱులు లేచువారు మధుమేహమునకు పరీక్ష చేయించుకొనవలెను. తెల్లవాఱుజామున మెలకువతోపాటు బ్రదుకు మీద విసుగు కలుగువారు ఒంటరిగా నుండరాదు. ప్రభుత్వమువారి టెలిమానస్‌కు 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటాడుదురు. అట్టివారున్న యింట పురుగుమందుల డబ్బాలను పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవిని మఱొకరి చేతనుంచుడు.