రెండో రన్ ఎప్పుడూ ఫాస్ట్‌గానే ఎందుకు వస్తుంది? బెంచ్‌మార్క్‌కి ముందు ప్రాసెసర్ క్యాచీ ఖాళీ చేయడం ఇలా

పోయినేడాది ఆఫీసులో చిన్న గొడవ. నేను, నా టీమ్‌మేట్ ఒకే పనికి చెరో ఫంక్షన్ రాశాం. ఏది ఫాస్టో తేల్చడానికి టెస్ట్ ప్రోగ్రాం నేనే రాశా. నాదే గెలిచింది. పదిసార్లు రన్ చేసినా నాదే. "చూశావా" అని గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పెట్టేశా. తన కోడ్ తీసేద్దామని మేనేజర్ ఓకే కూడా అనేశారు. తను ఏమీ అనకుండా నా టెస్ట్‌లో రెండు లైన్లు అటూ ఇటూ మార్చి, తన ఫంక్షన్‌ని రెండోది చేశాడు. ఈసారి తనది గెలిచింది!

జరిగింది ఇదీ. రెండు ఫంక్షన్లూ చదివేది ఒకే 4 ఎంబీ అర్రే. దాన్ని నింపాక మధ్యలో ఒక పెద్ద లుకప్ టేబుల్ కట్టేవాణ్ణి. ఆ టేబుల్ అర్రేని క్యాచీలోంచి బయటికి తోసేసేది. దాంతో ముందు రన్ అయ్యే ఫంక్షన్ ప్రతిదీ ర్యామ్ నుంచి మోసుకు రావాలి. రెండోదానికి అంతా వడ్డించిన విస్తరే. ర్యామ్ దాకా వెళ్లి రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, ఎల్1 క్యాచీలో ఉన్న డేటా నాలుగైదు సైకిళ్లలో వచ్చేస్తుంది. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో అది 2 నానోసెకన్లు కూడా కాదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే "క్లియర్ క్యాచీ"కి, దీనికీ సంబంధం లేదు. అది స్టోరేజ్‌లో యాప్ దాచుకున్న ఫైళ్లను తీసేస్తుంది. లినక్స్‌లోని డ్రాప్ క్యాషెస్ కూడా అంతే, ర్యామ్‌లో ఉన్న ఫైళ్ల కాపీలను వదిలించడానికి. ఎల్1, ఎల్2, ఎల్3లను ఖాళీ చేసే పని దానిది కాదు. ఈ తేడా తెలియక నేను సగం రోజు తగలేశా.

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో దీనికోసం సీఎల్‌ఫ్లష్ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. పెంటియం 4 కాలం నుంచీ ఉన్నదే. ఒక అడ్రస్ ఇస్తే, అది ఉన్న క్యాచీ లైన్‌ని అన్ని లెవెల్స్ నుంచీ తీసేస్తుంది. మారిన డేటా ఉంటే ముందు ర్యామ్‌లో రాస్తుంది. లైన్ సైజు 64 బైట్లు కాబట్టి అర్రే మీద 64 బైట్ల చొప్పున అడుగులేస్తూ లూప్ తిప్పాలి. మా 4 ఎంబీకి 65,536 సార్లు. చివర్లో ఒక మెమరీ ఫెన్స్, ఆ తర్వాతే టైమర్ స్టార్ట్. ఫ్లష్ లూప్‌ని టైమర్ లోపల పెడితే మళ్లీ మొదటికే వస్తాం. క్యాచీ మొత్తాన్ని ఒకేసారి ఊడ్చేసే డబ్ల్యూబీఇన్‌విడి కూడా ఉంది కానీ అది కెర్నల్‌కి మాత్రమే. మామూలు ప్రోగ్రాంలో పెడితే క్రాష్ అవుతుంది.

(2018లో బయటపడ్డ మెల్ట్‌డౌన్ గుర్తుందా? అందులో డేటా దొంగిలించడానికి వాడిన ఫ్లష్ ప్లస్ రీలోడ్ ట్రిక్ నడిచేది ఈ సీఎల్‌ఫ్లష్ లాంటి వాటి మీదే.)

ఏ ప్రాసెసర్ అయినా పనికొచ్చే నాటు పద్ధతి ఇంకోటి ఉంది: క్యాచీకి కొన్ని రెట్లు పెద్ద బఫర్ తీసుకుని మొత్తం రాసి, చదవడం. పాత డేటా దానంతటదే బయటికి పోతుంది. రాస్‌ప్‌బెర్రీ పై 5లో ఎల్3 2 ఎంబీ, కాబట్టి 8 ఎంబీ బఫర్ పెట్టుకోవచ్చు. ఏ లైన్ పోవాలో ప్రాసెసర్ ఎప్పుడూ వరసగా ఎంచుకోదు, అందుకే రెండు మూడు సార్లు తిప్పండి. చదివిన విలువల మొత్తాన్ని చివర్లో ప్రింట్ కూడా చేయండి. లేదంటే కంపైలర్ "ఇది ఎవరికీ అక్కర్లేదు కదా" అని లూప్‌నే ఎత్తేస్తుంది.

ఇంత చేసినా బ్రాంచ్ ప్రెడిక్టర్ పాత జ్ఞాపకాలు పోవు. వేడెక్కితే క్లాక్ స్పీడ్ పడిపోవడం ఎలాగూ ఉంది. అందుకే ఫ్లష్, కొలత, మళ్లీ ఫ్లష్, మళ్లీ కొలత అని చాలాసార్లు చేసి మీడియన్ తీసుకోవాలి, సగటు కాదు.

అలాగని ప్రతిదానికీ ఫ్లష్ చేయడం కూడా తప్పే. గేమ్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ వందలసార్లు నడిచే ఫంక్షన్ డేటా ఎలాగూ క్యాచీలోనే ఉంటుంది. దాన్ని ఖాళీ క్యాచీతో కొలిస్తే నిజ జీవితంలో ఎప్పుడూ రాని నంబర్ వస్తుంది. మా ఫంక్షన్ మాత్రం యూజర్ రిపోర్ట్ ఓపెన్ చేసినప్పుడు ఒక్కసారే నడుస్తుంది. అందుకే ఫ్లష్ చేసి కొలిచాం. రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తన కోడ్ చదవడానికి తేలిగ్గా ఉందని అదే ఉంచాం. స్క్రీన్‌షాట్ నేనే డిలీట్ చేశా.