రెండు స్టేషన్ల నడుమ ఒక రాత్రి

బిలాస్‌పూర్‌లో ఒక రైలు దిగి ఇంకో రైలు ఎక్కాలంటే వెళ్లాల్సిన దూరం పది కిలోమీటర్ల లోపే. కానీ టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోకపోతే ఆ కాస్త దూరమే ప్రయాణాన్ని చెడగొడుతుంది

విజయనగరంలో రైలెక్కిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తాతయ్య, నాయనమ్మ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. అమర్‌కంటక్ వెళ్లి నర్మద పుట్టినచోట స్నానం చేయాలన్నది పెద్దవాళ్ల చిరకాల కోరిక. అందుకు పెండ్రా రోడ్ స్టేషన్‌లో దిగాలి. బిలాస్‌పూర్ వరకు ఒక టికెట్, అక్కణ్నుంచి మర్నాడు తెల్లవారుజామున బయల్దేరే రైలుకు మరో టికెట్ తీసుకున్నారు. సాయంత్రం చేరాల్సిన రైలు ఆలస్యమై రాత్రి పదింటికి బిలాస్‌పూర్ జంక్షన్‌లో ఆగింది. ఎలాగూ తెల్లారేదాకా ఆగాలి కదా అని ప్లాట్‌ఫారం మీదే దుప్పటి పరిచారు. మాటల్లో మాటగా పక్కనున్న పోర్టర్‌కు రెండో టికెట్ చూపించారు. అతను ఒక్కసారి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ రైలు ఈ స్టేషన్‌కు రాదు. ఉస్లాపూర్‌లో ఆగి అటునుంచి అటే వెళ్లిపోతుంది.

ఇది ఊహే. కానీ ఈ ఊళ్లో రైలు మారేవారు ఎవరైనా పొరబడగల విషయం. బిలాస్‌పూర్‌కు చేరే దూరప్రయాణికులకు సాధారణంగా తెలిసిన స్టేషన్ ఒకటే. అది జంక్షన్. ఊరికి వాయవ్య దిక్కున, కట్నీ వెళ్లే మార్గంలో ఉన్న ఉస్లాపూర్ స్థానికులకు తెలిసినంతగా బయటివారికి తెలియదు. రెండు టికెట్ల మీదా ఊరు ఒక్కటే. స్టేషన్లు మాత్రం వేరు.

ఇంజను తిప్పలు

ఒక ఊరికి రెండు స్టేషన్లు ఎందుకు అవసరమయ్యాయన్నది తెలుసుకుంటే గందరగోళం సగం తగ్గుతుంది. బిలాస్‌పూర్ జంక్షన్ హౌరా-నాగపూర్-ముంబయి ప్రధాన మార్గం మీద ఉంది. కట్నీ వైపు వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. అయితే అది చీలేది స్టేషన్‌కు పడమటి కొసన. రాయపూర్ నుంచి రైళ్లు వచ్చేదీ ఆ కొసనుంచే. అంటే రాయపూర్ వైపు నుంచి వచ్చిన రైలు కట్నీ వెళ్లాలంటే జంక్షన్‌లో ఆగి, ముందున్న ఇంజనును విప్పి, వెనక్కి తెచ్చి తగిలించి, బ్రేకులు పరీక్షించుకుని, వచ్చిన దిక్కుకే తిరిగి బయల్దేరాలి. దీనికి సమయం పడుతుంది. అంతసేపూ ఒక ప్లాట్‌ఫారం ఇరుక్కుపోతుంది.

ఈ బాధ తప్పించడానికే జంక్షన్‌కు ముందున్న దాధాపారా దగ్గర నుంచి ఉస్లాపూర్‌కు అడ్డదారి వేశారు. రాయపూర్ నుంచి వచ్చే రైలు ఈ దారి పట్టిందంటే జంక్షన్ ముఖం చూడకుండానే కట్నీ మార్గంలోకి మళ్లుతుంది. దుర్గ్ నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే ఛత్తీస్‌గఢ్ సంపర్క్ క్రాంతి అలాంటిదే. బిలాస్‌పూర్ వాసులు దాన్ని ఉస్లాపూర్‌లోనే ఎక్కాలి.

హౌరా, పూరీల వైపు నుంచి వచ్చే రైళ్లకు ఈ చిక్కు లేదు. అవి తూర్పు కొసనుంచి వచ్చి పడమటి కొసనుంచి నేరుగా కట్నీ లైను పడతాయి. పూరీ నుంచి వచ్చే ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ జంక్షన్‌లో ఆగేది అందుకే. కాబట్టి ప్రయాణికుడు గుర్తుంచుకోవాల్సిన సూత్రం చిన్నదే. తూర్పు నుంచి వచ్చి కట్నీ వెళ్లే రైలైతే జంక్షన్. దుర్గ్, రాయపూర్‌ల నుంచి వచ్చి కట్నీ వెళ్లే రైలైతే ఉస్లాపూర్ కావచ్చు, టికెట్ చూసి తేల్చుకోవాలి. ఏ రైలును ఎటు నడపాలన్నది రైల్వే అప్పుడప్పుడూ మారుస్తుంటుంది. నిరుడు వెళ్లొచ్చిన బంధువు మాట ఈ ఏడాది పనికిరాకపోవచ్చు.

ఠాగూర్ చెప్పిన ఆరు గంటలు

బిలాస్‌పూర్‌లో రైలు కోసం ఎదురుచూడటమన్నది సాహిత్యానికీ ఎక్కింది. 1918లో వెలువడిన 'పలాతకా' సంపుటిలో రవీంద్రనాథ్ ఠాగూర్ కవిత 'ఫాంకి' ఉంది. జబ్బుపడిన భార్య బినును గాలిమార్పు కోసం తీసుకెళ్తున్న భర్త, రైలు మారడానికి బిలాస్‌పూర్‌లో ఆరు గంటలు ఆగాల్సివస్తుంది. అక్కడ పరిచయమైన కూలీ భార్య రుక్మిణి, కూతురి పెళ్లికి పాతిక రూపాయలు కావాలని బినుతో చెప్పుకుంటుంది. ఇవ్వమని బిను భర్తను కోరుతుంది. అతను రుక్మిణి చేతిలో రెండు రూపాయలు పెట్టి పంపేసి, భార్యకు మాత్రం పని పూర్తయిందన్నట్టు చెబుతాడు. రెండు నెలలకు బిను చనిపోతుంది. ఆ మోసం గుండెల్లో ముల్లై తిరిగివచ్చిన అతనికి రుక్మిణి ఆచూకీ దొరకదు. ఇది కవి స్వానుభవమేనని నమ్మేవారు బిలాస్‌పూర్‌లో చాలామందే ఉన్నారు. రైలు మారే చోట గడిచే సమయం లెక్కలోకి రానిదని ప్రయాణికులు అనుకుంటారు. ఈ కవితలో జీవితాంతం వెంటాడేది ఆ సమయమే.

క్వార్టర్స్‌లో మనవాళ్లు

తెలుగువారికి ఈ రైల్వే పట్టణం కొత్తది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు పట్టాలు పరిచింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ వైపు వెళ్లే తీరప్రాంత మార్గం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల కూలీలు, కళాసీలు, ఫిట్టర్లు, గుమస్తాలు కంపెనీ పట్టాల వెంట ఖరగ్‌పూర్‌కూ, బిలాస్‌పూర్‌కూ చేరారు. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయ్యాక రాకపోకలు మరింత సులువయ్యాయి. తర్వాత కంపెనీ పోయి ఆగ్నేయ రైల్వే వచ్చింది. పెద్దయెత్తున సాగిన ప్రజాందోళన తర్వాత 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. బిలాస్‌పూర్, రాయపూర్, నాగపూర్ డివిజన్లు దాని కిందకు వచ్చాయి. తెలుగు కుటుంబాలు మాత్రం అలాగే ఉన్నాయి. రైల్వే కాలనీ వైపు ఏటా జరిగే సోలాపురి మాత పూజలో ఆ సందడి కనిపిస్తుంది.

రైల్వే ఉద్యోగమంటే క్వార్టర్. క్వార్టర్ అంటే ఊరి నుంచి వచ్చేవాళ్లందరికీ సత్రం. రాత్రిపూట రైలు మారాల్సివస్తే పెదనాన్నో, మావయ్యో స్టేషన్‌కు వచ్చి తీసుకెళ్లేవారు. ఏ రైలు ఏ స్టేషన్‌లో ఆగుతుందో, తెల్లవారుజామున రిక్షా ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు నోటికొచ్చు. బాక్సులో పులిహోర పెట్టి మరీ రైలెక్కించేవారు. ఆ పెద్దవాళ్లు రిటైరై క్వార్టర్ ఖాళీ చేశాక ప్రయాణికుడికి మిగిలింది టికెట్, ఫోను. అవి అడిగినదానికే జవాబు చెబుతాయి. అడగాలని తట్టనిది చెప్పవు.

ముందు రాయపూర్ సంగతి

అందుచేత ప్రణాళిక ఇంట్లోనే మొదలుకావాలి. మొదటి ప్రశ్న: అసలు బిలాస్‌పూర్ దాకా రావాలా? విశాఖ, విజయనగరం, రాయగడల మీదుగా వచ్చే రైళ్లయినా, వరంగల్, నాగపూర్‌ల మీదుగా వచ్చేవైనా బిలాస్‌పూర్ కంటే ముందు రాయపూర్ చేరతాయి. ఉస్లాపూర్‌లో ఎక్కాల్సిన రైలు కూడా చాలావరకు రాయపూర్ మీదుగా వచ్చేదే. అలాంటప్పుడు రాయపూర్‌లోనే దిగి రెండో రైలు ఎక్కితే ఊరు దాటే పనే ఉండదు. పైన చెప్పిన విజయనగరం కుటుంబం చేయాల్సింది ఇదే. రెండో రైలు జంక్షన్ నుంచే బయల్దేరేదైనా, తూర్పు నుంచి వచ్చేదైనా, బిలాస్‌పూర్‌లో పని ఉన్నా మాత్రమే ఇక్కడ దిగడం అర్థవంతం.

రెండో ప్రశ్న రాత్రి ఎక్కడ గడపాలన్నది. రెండు స్టేషన్లూ తప్పనప్పుడు పడక జంక్షన్‌లో, మెలకువ ఉస్లాపూర్‌లో అన్నది తెలివైన పద్ధతి. రైల్వే రిటైరింగ్ రూములను ఖరారైన లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్ఆర్ నంబర్‌తో ఐఆర్‌సీటీసీ ద్వారా ముందే బుక్ చేసుకోవచ్చు. ఆ స్టేషన్ టికెట్‌లో ప్రయాణం మొదలయ్యే చోటో, ముగిసే చోటో అయివుండాలి. జంక్షన్‌లో ముగిసే మొదటి టికెట్ ఇందుకు పనికొస్తుంది. గది దొరక్కపోతే వెయిటింగ్ హాలు ఉండనే ఉంది. క్లోక్ రూములో సామాను పెట్టాలంటే దానికి తాళం వేసివుండాలి. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే ఒక చిన్న తాళంకప్ప సంచిలో వేసుకోవడం మంచిది.

మూడోది రోడ్డు ప్రయాణం. పగలైతే ఆటోకు ఇదేమంత దూరం కాదు. తెల్లవారుజామున సంగతి వేరు. బండి దొరికితే దూరం లెక్కలోకే రాదు, దొరక్కపోతే అదే దూరం కొండంతవుతుంది. అందుకే ఆటోనో, కారునో రాత్రే మాట్లాడుకుని, డ్రైవర్ ఫోన్ నంబర్ తీసుకుని పడుకోవాలి. పెద్దవాళ్లు, పిల్లలు, సామాను ఉన్నప్పుడు రైలు వేళకు గంటన్నర ముందు కదలడం అతి జాగ్రత్తేమీ కాదు.

డబ్బు పోయే చోటు

నాలుగోది చాలామంది పట్టించుకోనిది. 2019 ఏప్రిల్ నుంచి రైల్వే రెండు పీఎన్ఆర్‌లను జతచేసే సదుపాయం కల్పించింది. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ప్రయాణించని భాగానికి రద్దు రుసుం లేకుండా డబ్బు వాపసు వస్తుంది. అయితే రెండు టికెట్లలో ప్రయాణికుల వివరాలు ఒకేలా ఉండాలి. మొదటి ప్రయాణం ముగిసే స్టేషన్, రెండోది మొదలయ్యే స్టేషన్ ఒకటే కావాలి, లేదా రైల్వే వాటిని ఒకే సముదాయంగా పరిగణిస్తుండాలి. బిలాస్‌పూర్‌లో దిగి ఉస్లాపూర్‌లో ఎక్కేవారు సరిగ్గా ఈ షరతు దగ్గరే ఇరుక్కునే ప్రమాదముంది. టికెట్ తీసుకునేటప్పుడే జత కుదురుతుందో లేదో తేల్చుకోవాలి. కుదరదంటే రెండో టికెట్ డబ్బు ప్రయాణికుడి పూచీయే.

ఆలస్యం ఇక్కడ అరుదేమీ కాదు. కోర్బా బొగ్గు ఈ పట్టాల మీదుగానే దేశానికి వెళ్తుంది. సరుకు రవాణాలో ఆగ్నేయ మధ్య రైల్వే దేశంలో ముందు వరుసలో ఉంది. ఒకే లైను మీద బొగ్గు వ్యాగన్లు, ప్రయాణికుల రైళ్లు పోటీ పడినప్పుడు ఏది ఆగుతుందో 2022 వేసవిలో అందరూ చూశారు. విద్యుత్కేంద్రాలకు బొగ్గు చేరవేయడానికి ఛత్తీస్‌గఢ్‌లో అనేక ప్రయాణికుల రైళ్లను రద్దు చేశారు. కాబట్టి రెండు గంటల వ్యవధితో రెండు స్టేషన్ల మధ్య రైలు మారాలనుకోవడం జూదమే. ఒక రాత్రి వ్యవధి ఉంచుకోవడం నిజానికి మంచిదే. ఆ రాత్రికి ఏర్పాటు లేకపోవడమే తప్పు.

హైదరాబాద్‌కూ తెలిసిన పాఠం

ఈ చిక్కు బిలాస్‌పూర్‌కే పరిమితం కాదు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్‌లో ఆగుతుందనుకున్న రైలు అక్కడికి మారిందని ఆఖరి నిమిషంలో తెలిసి పరుగులు పెట్టినవారున్నారు. విమానాలకైతే నష్టం ఇంకా పెద్దది. లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్‌లో ఎక్కాల్సివచ్చినా, టోక్యోలో నరితా నుంచి హనేదాకు మారాల్సివచ్చినా ప్రయాణికుడు ఇమ్మిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని ఊళ్లోకి రావాలి. అందుకు వీసా అవసరపడొచ్చు. టికెట్ చౌకగా వచ్చిందని సంబరపడి, రెండు విమానాశ్రయాల పేర్లు వేరని చూసుకోని వారికి ఆ చౌక ఒక్క రాత్రిలో ఖరీదైపోతుంది. ముంబయికి 2025 డిసెంబర్‌లో నవీ ముంబయి విమానాశ్రయం తోడైంది. ఇకపై ఈ లెక్క మన దేశంలోనూ తరచూ వేసుకోవాల్సిందే.

బిలాస్‌పూర్‌లో ఆ లెక్క ఇంకా చిన్నదే. గడువు ఒక రాత్రి, దూరం ఒక ఆటో ప్రయాణం. ఇది ఒకప్పుడు క్వార్టర్‌లోని మావయ్య చూసుకున్న పని. ఇప్పుడు టికెట్ కొన్నవాళ్లే చూసుకోవాలి. రైలు పేరు, తేదీ, బెర్తు నంబర్ చూసుకున్నాక, ఎక్కాల్సిన స్టేషన్ పేరు ఇంకొక్కసారి చదివితే చాలు. తాతయ్య, నాయనమ్మ మర్నాడు నర్మద ఒడ్డున ఉంటారా, ప్లాట్‌ఫారం మీద ఉంటారా అన్నది ఆ ఒక్క పేరులోనే ఉంది.