వార్తల్లో పదం: మోరల్ ఇంజరీ

కోవిడ్ మహమ్మారి రోజుల్లో వైద్యుల మానసిక స్థితి గురించిన వార్తల్లో తరచూ కనిపించిన మాట ఇది. మనస్సాక్షి ఒప్పుకోని పని చేయాల్సి వచ్చినా, జరుగుతుంటే ఆపలేకపోయినా మనసుకు తగిలే దెబ్బే మోరల్ ఇంజరీ. వియత్నాం యుద్ధ సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ సైకియాట్రిస్ట్ జొనాథన్ షే 1990లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. 2020 మార్చిలో ఇటలీ అనస్థీషియా, ఐసీయూ వైద్యుల సంఘం, పడకలు చాలకపోతే ఐసీయూలో చేర్చుకోవడానికి వయోపరిమితి పెట్టాల్సి రావచ్చని మార్గదర్శకాల్లో రాసింది. ఉన్నది ఒకే వెంటిలేటర్, ఎదురుగా ఊపిరాడని ఇద్దరు. ఇద్దరికీ వైద్యం చేయగల డాక్టరే ఒకరిని పక్కన పెట్టాలి. ఆ అపరాధభావం డ్యూటీ దిగాక కూడా వెంటాడుతుంది.

ఇది బర్నౌటే కదా అని కొందరంటారు. పనిభారంతో వచ్చిన అలసట సెలవుతో కొంతైనా తీరుతుంది, ఇది తీరదు. దీన్ని జబ్బు అనలేం గానీ డిప్రెషన్‌కు, పీటీఎస్‌డీకి (భయానక అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) దారితీయగలదు. 2020 జూన్, జూలైల్లో ఇంగ్లండ్‌లోని 9 ఐసీయూల్లో 709 మంది సిబ్బందిని అడిగితే సుమారు 40 శాతం మందిలో పీటీఎస్‌డీ లక్షణాలు కనిపించాయి. ప్రశ్నావళి జవాబులు రోగ నిర్ధారణ కావన్న అభ్యంతరం సబబే. కానీ చచ్చిపోతే మేలనో, తమకు తాము హాని చేసుకోవాలనో తరచూ అనిపించిందని 13 శాతం మంది చెప్పారు. దాన్ని ఎలా కొట్టిపారేస్తాం? ఎవరికి వెంటిలేటర్ ఇవ్వాలన్న నిర్ణయాన్ని ఒక్క డాక్టర్ మీద వదిలేయకుండా బృందానికి అప్పగిస్తే భారం కొంత తగ్గుతుంది. మన దేశంలో డాక్టర్లయినా, మరెవరైనా మనసు బాగోలేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.