ఇష్టపడి చదివే తొలి నవల

భాష నేర్చుకోవడానికి పాఠ్యపుస్తకం, వ్యాకరణం, నిఘంటువు అవసరమే. కాని భాషపై మమకారం కలగడానికి ఇవి చాలవు. ‘తరువాత ఏమయింది?’ అనే ఆతురతతో పుటలు తిప్పించే పుస్తకం కావాలి. ఎనిమిది నుండి పన్నెండేండ్ల ప్రాయంలో అటువంటి నవల ఒక్కటి చేతికందినా, ఆ పసివారు జీవితాంతం చదువరులుగా నిలిచే అవకాశం ఉంది.

హైదరాబాదు పాతబస్తీలో అనేక కుటుంబాల ఇంటి భాష ఉర్దూ. అక్కడి పిల్లలలో చాలామందికి తెలుగు బడిలో మాత్రమే ఎదురయ్యే భాష. చదువు పరీక్షకే పరిమితమైనంత కాలం అది పరాయిభాషగానే తోస్తుంది. శాలిబండ నుండి మా కళాశాలకు వచ్చే ఒక విద్యార్థిని ఒకనాడు నన్ను ఇలా అడిగింది: “సార్, మా తమ్ముడు ఆరో తరగతి. తెలుగు పుస్తకం తియ్యమంటే ఏడుస్తాడు. వాడితో ఏం చదివించాలి?” ప్రబంధాలపై పరిశోధన చేసిన నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆలోచించగా నా బాల్యంలో నన్ను కట్టిపడవేసిన ‘చందమామ’ ధారావాహికలు స్ఫురించాయి.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుండి ‘చందమామ’ మాసపత్రికను ప్రారంభించారు. అందులో 1954లో ‘తోకచుక్క’ అనే జానపద నవల ధారావాహికగా మొదలైంది. దాని వెనుక ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ మొదలైనవి వచ్చాయి. అనేక భారతీయ భాషలలో లక్షలాది పిల్లలు వీటిని చదివారు. కాని పత్రికలో రచయిత పేరు ఉండేది కాదు. ఆ రచయిత దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010). ఆయన 1952 నుండి 2006 వరకు ‘చందమామ’లో పనిచేశారు. కథను గుండెలో దాచుకొన్న పాఠకులలో చాలామందికి ఆయన పేరు ఎంతో కాలానికి గాని తెలియలేదు. ఇప్పుడు ఆ పత్రిక వెలువడడం లేదు. నవలలు మాత్రం పుస్తకరూపం పొందాయి.

‘తోకచుక్క’ పిల్లలను ఆకట్టుకోవడానికి కారణాలు స్పష్టమే. కుండలినీ ద్వీపంపై ఆకాశంలో తోకచుక్క కనిపించడంతోనే కథ మొదలవుతుంది. సేనాని సమరసేనుడు నౌకాయానం చేసి, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల వైరంలో చిక్కుకొంటాడు. సుదీర్ఘమైన ఉపోద్ఘాతం లేదు. వాక్యాలు చిన్నవి. వర్ణన కథాగమనానికి అడ్డురాదు. ప్రతి భాగమూ ఏదో ఒక ఆపద ముంగిట ఆగుతుంది. చిత్రా గీసిన బొమ్మలు తెలియని మాటకు అర్థం సూచిస్తాయి. నిఘంటువు కోసం ఆగకుండానే పిల్లవాడు ముందుకు సాగుతాడు. అలా సాగుతూనే భాష నేర్చుకొంటాడు.

ఇటువంటి అద్భుత కథనం మనకు కొత్త కాదు. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన రచించిన ‘కళాపూర్ణోదయం’లో మణిస్తంభుడనే సిద్ధుడు సింహంపై సంచరిస్తాడు. ఉర్దూలో అమీర్ హమ్జా దాస్తాన్ మాయలతో, మాంత్రికులతో నిండి ఉంటుంది. భాషలు వేరైనా వీటన్నిటిలోని ఆశ్చర్యరసం ఒక్కటే.

ఆ విద్యార్థిని ‘తోకచుక్క’ను తమ్ముడికి రోజుకొక భాగం చొప్పున చదివి వినిపించింది. “ఈ ఏకాక్షి నానీ చెప్పే కథలో జాదూగర్ లాంటివాడే!” అన్నాడట వాడు. పది రోజుల తరువాత ఒక సాయంత్రం ఆమె ఇంటికి ఆలస్యంగా చేరింది. అంతవరకు ఆగలేక తమ్ముడే పుస్తకం తెరిచి, కూడబలుక్కొంటూ తరువాతి భాగం చదువుతున్నాడు. చాలా మాటలు తప్పు పలికాడు. అయినా ఆనాడు ఏడవలేదు.

పిల్లలకు పుస్తకం ఎంచేటప్పుడు పెద్దలు మొదట నీతిని వెదకుతారు. నీతి ఉండవచ్చు, కాని చదివించే గుణం లేని పుస్తకంలోని నీతి పిల్లవాని దాకా చేరదు. కాబట్టి రెండు పుటలు చదివి వినిపించి, వాని ముఖం చూడండి. ‘ఇంకా చదువు’ అంటే అదే తగిన పుస్తకం. అనకపోతే మరొకటి తీయండి. అది పిల్లవాని లోపం కాదు.

వెదకడానికి దూరం పోనవసరం లేదు. చార్మినారు నుండి పత్తర్‌గట్టి, మదీనా మీదుగా నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడ 1891లో ఆసఫియా పేరుతో ఏర్పడిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. సుల్తాన్ బజారులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. ఉర్దూ రాజభాషగా ఉన్న కాలంలో తెలుగువారు పుస్తకాన్ని ఆశ్రయించి భాషను కాపాడుకొన్న చోటు అది. ఈ ఆదివారం మీ ఇంటిలోని తమ్మునికో, చెల్లెలికో ఒక నవల వెదకి ఇవ్వండి. వారు చదువుతుండగా ప్రక్కన కూర్చోండి. మీకూ ఆ కథ నచ్చుతుంది.

అభ్యాసం

1. ‘తోకచుక్క’ పిల్లలను ఆకట్టుకోవడానికి గల కారణాలను వివరించండి.
2. ‘అది పిల్లవాని లోపం కాదు’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. మీరు ఇష్టపడి చదివిన తొలి పుస్తకం గురించి పది వాక్యాలు రాయండి.