కత్తిపీటకు కుసుమ నూనె

షోలాపూర్ పద్మశాలి ఇళ్లలో తడితో పడరాని పాట్లు పడే ఉక్కు రెండుచోట్ల ఉంటుంది: వంటింటి కత్తిపీట, బీడీలు చుట్టే ఆడవాళ్ల కత్తెర. తునికాకును నానబెట్టి, మెత్తబడ్డాక కొలతకు కత్తిరిస్తారు. తడి తగిలిన చోట తుప్పు పట్టడం మామూలే. కానీ ఆకులోని టానిన్ ఇనుముతో కలిస్తే నల్లటి పదార్థం కూడా ఏర్పడుతుంది. పాతకాలపు సిరా తయారైందీ ఇలాగే. అరటికాయ తరిగిన కత్తిపీట నల్లబడేదీ అందుకే. ఎర్ర తుప్పు గుల్లగా పెరిగి, పెళ్లలుగా ఊడి, కింది ఇనుమును మళ్లీ తడికి అప్పగిస్తుంది. నల్లపొర అంటుకునే ఉండి కొంత కాపాడుతుంది. పండక్కి తెల్లగా తోమిన కత్తిపీటే ముందు తుప్పు పడుతుంది!

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ ఉక్కులో దాదాపు 12.8 శాతం క్రోమియం కలిపాడు. ఆ ఉక్కు మీద కంటికి కనిపించని పొర తనంతట తానే ఏర్పడుతుంది, గీసుకుపోయినా మళ్లీ కట్టుకుంటుంది. కార్బన్ ఉక్కుకు ఆ వరం లేదు. సానకు సులువుగా లొంగుతుంది గనుకే ఇంకా ఇంట్లో ఉంది.

దానికి పొర మనమే వేయాలి. అంచు మీద పూసింది కూరతోపాటు కడుపులోకి పోతుంది కాబట్టి తినదగిందే పూయాలి. ఈ నేత ఇళ్లలో మగ్గాలకు వేసే నూనె చేతికందేంత దూరంలోనే ఉన్నా అది యంత్రాలకే. కొబ్బరినూనె మంచిదే, త్వరగా చెడదు. కాకపోతే ఆరదు, సబ్బుతో కడిగితే పోతుంది.

ఈ జిల్లా నల్లరేగడిలో జొన్నతోపాటు పండే కుసుమ సంగతి వేరు. దాని మామూలు రకం నూనెలో నాలుగింట మూడు వంతులు లినోలిక్ అనే కొవ్వు ఆమ్లం. గాలిలోని ఆక్సిజన్ ఆ కొవ్వు గొలుసులను పడుగూపేకల్లా ఒకదానికొకటి ముడివేస్తుంది. నూనె కాస్తా గట్టిపొర అవుతుంది. ఓలిక్ ఆమ్లం ఎక్కువున్న రకం ఇలా ఆరదు, కొనేటప్పుడు సీసా మీద చూసుకోవాలి.

పెనానికి నూనె పట్టించినట్టు కత్తిని పొయ్యి మీద పెట్టి పొగలు రానివ్వడం మాత్రం తప్పు. పెనానికి పదునుతో పనిలేదు. కత్తి అంచును కాల్చి, ముంచి, మళ్లీ సుమారు 200 డిగ్రీల దగ్గర కాచి గట్టిపరుస్తారు. ఆ వేడి దాటితే అంచు మెత్తబడుతుంది. షోలాపూర్ వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండే ఈ పనికి మేలు. కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, రెండు చుక్కలు రాసి, రాసిందంతా తీసేస్తున్నట్టే పొడిగుడ్డతో తుడవాలి. అయినా మిగిలే పలచటి పొర చాలు. మందంగా ఉంటే జిగురై దుమ్ము పడుతుంది. నాలుగైదు రోజులు ఎండలో, పిల్లలకు అందని చోట ఉంచాలి. అంచు దగ్గర పొర తరిగేకొద్దీ పోతుంది, అక్కడ అప్పుడప్పుడూ మరో చుక్క వేస్తే సరి.

తుడిచిన గుడ్డతోనే అసలు జాగ్రత్త. కుసుమ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండచుట్టి పడేస్తే ఆ వేడి లోపలే చిక్కి నిప్పు రాజుకోవచ్చు. నూలు, దూదిపీచు పోగుపడే పేటలో ఆ గుడ్డను ఆరుబయట దండెం మీద విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో నానబెట్టాలి.