సంఘం అప్పుతో ఇంటికి కంప్యూటర్: కొనేముందు, కొన్నాక తెలుసుకోవాల్సినవి

ఈ సమాచారం ఎవరికి?

పొదుపు సంఘం అప్పుతోనో, చేతిలో దాచుకున్న డబ్బుతోనో ఇంట్లోకి మొదటిసారి కంప్యూటర్ కొంటున్న వారికి. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: కంప్యూటర్ పాడైనా కిస్తీ ఆగదు. ఉదాహరణకు రూ.36,000 అప్పు 24 నెలల్లో తీర్చాలంటే నెలకు అసలే రూ.1,500 కట్టాలి, వడ్డీ అదనం. అందుకే కిస్తీలు అయిపోయాక కూడా ఇంకొన్నేళ్లు పనిచేసేది చూసి కొనాలి. అప్పు షరతులు, వడ్డీ వివరాలు మీ సంఘం లీడర్‌ని గానీ వీఓఏని గానీ ముందే అడిగి తెలుసుకోండి.

1. ల్యాప్‌టాప్ కావాలా, డెస్క్‌టాప్ కావాలా?

పిల్లలు కాలేజీకో హాస్టల్‌కో తీసుకెళ్లాలంటే ల్యాప్‌టాప్ తీసుకోండి. ఇంట్లోనే ఉంచి టైపింగ్, లెక్కలు, ఆన్‌లైన్ దరఖాస్తుల పని చేసుకోవాలంటే డెస్క్‌టాప్ చాలు. డెస్క్‌టాప్‌లో ఏ భాగం పాడైతే ఆ భాగమే మార్చుకోవచ్చు, రిపేరు తేలిక. కానీ కరెంటు పోతే వెంటనే ఆగిపోతుంది కాబట్టి యూపీఎస్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, యూపీఎస్ అక్కర్లేదు.

2. షాపులో ఏం అడగాలి?

- ర్యామ్: 8 జీబీ ఉండాలి. 4 జీబీతో కొన్నాళ్లకే నెమ్మదిస్తుంది.
- స్టోరేజీ: ఎస్ఎస్‌డీ కావాలని అడగండి. పాత రకం హార్డ్ డిస్క్ కంటే చాలా వేగం. 256 జీబీ మామూలు పనులకు సరిపోతుంది.
- ప్రాసెసర్: "ఐ5 అండీ, మంచిది" అంటే అక్కడితో ఆగొద్దు. ఎన్నో జనరేషన్ అని అడగండి. పదేళ్ల కిందటి ఐ5 కంటే కొత్త ఐ3 మెరుగ్గా పనిచేయొచ్చు.
- విండోస్: ఒరిజినలా అని అడగండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ నొక్కితే 'యాక్టివ్' అని కనిపించాలి.
- రేటు: చెప్పిన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి.

ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి వేరే డబ్బు అడిగితే కంగారు పడొద్దు. లిబ్రేఆఫీస్ ఉచితం, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు అందులోనూ తెరుచుకుంటాయి.

3. సెకండ్ హ్యాండ్ కొంటున్నారా?

చవకగా వస్తుంది, తప్పేం లేదు. కానీ విండోస్ 10కి మామూలు ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 2018కి ముందు వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్లలో ఎక్కువ భాగం విండోస్ 11కి పనికిరావు. కాబట్టి ఇంటెల్ అయితే 8వ జనరేషన్ లేదా ఆ తర్వాతిదే అడగండి. అరగంట అక్కడే వాడి చూడండి. కీలన్నీ నొక్కండి, కెమెరా, స్పీకర్, వైఫై చూడండి, చార్జర్ తీసేసి బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో గమనించండి. పాతదైనా బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే అది దొంగ సరుకు కావచ్చు, వదిలేయండి.

4. బిల్లే మీ బలం

బిల్లు మీద మీ పేరు, తేదీ, మోడల్, సీరియల్ నంబర్ ఉండాలి. సీరియల్ నంబర్ మెషిన్ మీద ఉన్నదానితో సరిపోతుందో చూసుకోండి. వారంటీ ఎన్నాళ్లు, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో అడగండి. ఇంటికొచ్చాక బిల్లు ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. వారంటీ ఉన్నన్నాళ్లు బయట మెకానిక్‌తో విప్పించొద్దు, వారంటీ పోయే ప్రమాదం ఉంది.

షాపువాళ్లు మోసం చేస్తే 1915కి ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. సమస్య వచ్చిన రెండేళ్లలోపు వేయాలి. వస్తువుకి మీరు కట్టిన ధర రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు.

5. ఇంట్లో ఎలా చూసుకోవాలి?

కరెంటు: ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి. మూడో పిన్ను విరగ్గొట్టి పెట్టొద్దు. ఉరుములు, మెరుపులు మొదలైతే ప్లగ్ పూర్తిగా తీసేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. కరెంటు పోతూ వస్తూ ఉంటే నిలకడగా ఉండేదాకా పెట్టకండి. యూపీఎస్ అంటే ఇన్వర్టర్ కాదు. చేసిన పని సేవ్ చేసుకుని ఆపడానికి కొద్ది నిమిషాల టైమ్ ఇస్తుంది, అంతే.

వేడి, దుమ్ము: ల్యాప్‌టాప్‌ని పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడొద్దు. కింద గాలి వెళ్లే రంధ్రాలు మూసుకుపోతాయి. డెస్క్‌టాప్ డబ్బాని గోడకి ఆనించొద్దు, నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టండి. ఆపి, ప్లగ్ తీసి, పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. నీళ్లు చల్లొద్దు. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వాడడం ఆపేసి వెంటనే సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

ఆపడం: స్విచ్ బోర్డు దగ్గర ఆపేయకుండా ముందు షట్‌డౌన్ చేయండి. అప్‌డేట్ జరుగుతుంటే మధ్యలో ఆపొద్దు.

కాగితాలు: మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు, సంఘం లెక్కలు కంప్యూటర్‌లో ఒక్కచోటే ఉంచొద్దు. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బీరువాలో పెట్టండి. మెషిన్ పోతే మళ్లీ కొనొచ్చు, పోయిన ఫైళ్లు తిరిగి రావడం కష్టం.

6. మోసాల నుంచి జాగ్రత్త

- "ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్ ఇస్తోంది, ఈ లింక్ నొక్కండి" అని వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లు నమ్మొద్దు. ఇలాంటివి అబద్ధమని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ పలుమార్లు చెప్పింది. పథకం గురించి సచివాలయంలో గానీ, పంచాయతీ ఆఫీసులో గానీ, కాలేజీలో గానీ అడగండి.
- "మీ కంప్యూటర్‌కి వైరస్ వచ్చింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని స్క్రీన్ మీద వస్తే చేయొద్దు. విండోస్‌లో వైరస్ రక్షణ ముందే ఉంటుంది, దాన్ని ఆపకుండా ఉంచితే మామూలు వాడకానికి చాలు.
- మీ స్క్రీన్ దూరం నుంచి చూసే యాప్ వేసుకోమని ఎవరు చెప్పినా వేయొద్దు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.
- డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

కొనడానికి వెళ్లేటప్పుడు 2, 4 భాగాలు ఫోన్‌లో తెరిచి పెట్టుకుని, షాపులో ఒక్కొక్కటీ అడుగుతూ టిక్ పెట్టుకోండి. మీ సంఘంలో కొనాలనుకుంటున్న మిగతా సభ్యులకు కూడా ఈ పీడీఎఫ్ పంపండి.